నగర కూడళ్లలో అనుకూలన సిగ్నళ్లు: లెక్కలోకి వచ్చేవారు, రానివారు

వ్యాససంగ్రహం:

నగర కూడళ్లలో స్థిరకాల సిగ్నళ్ల స్థానంలోకి అనుకూలన సిగ్నళ్లు వస్తున్నాయి. కూడలికి వస్తున్న వాహనాలను ఎప్పటికప్పుడు లెక్కించి, ఆ లెక్కను బట్టి ఆకుపచ్చ దీపం వ్యవధిని మార్చుకోవడం వీటి ప్రత్యేకత. గ్లాస్గో, సిడ్నీ నగరాల్లో రూపుదిద్దుకున్న రెండు పద్ధతుల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. లెక్కింపుకు వాడే కొలమానమే ఎవరు ఎంతసేపు ఆగాలో నిర్ణయిస్తుందని, భారతీయ నగరాల మిశ్రమ రాకపోకల్లో బస్సు ప్రయాణికులు, పాదచారులు ఆ కొలమానంలో సరిగా పట్టడం లేదని చర్చిస్తుంది.

కీలకపదాలు: అనుకూలన సిగ్నల్, చక్రకాలం, పచ్చవాటా, అంతరం, ప్యాసింజర్ కార్ యూనిట్, పాదచారులు, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు రోడ్ల మీద తిరిగే తెలుగువారి వాడుకలో సిగ్నల్ ‘పడుతుంది’, సిగ్నల్ ‘వదులుతారు’. ‘సిగ్నల్ పడింది’ అంటే ఎర్ర దీపం వెలిగిందని అందరికీ తెలుసు. దారి తెరుచుకున్నప్పుడు రంగు ప్రస్తావన లేకుండానే ‘వదిలారు’ అంటారు. మొదటి వాక్యంలో కర్త సిగ్నల్. రెండోదానిలో కర్త కనిపించని మనుష్యవాచక బహువచనం. కూడలిలో నిలబడి చేయి ఊపే పోలీసు కానిస్టేబులు కాలం నాటి మాట ఇది. ఈ భేదాన్ని మరీ సాగదీయనక్కరలేదు గాని, వాడుకభాష ఒక విషయాన్ని మరిచిపోలేదు: ఒక దారిని వదలడం అంటే మరొక దారిని ఆపడం, ఆ నిర్ణయం వెనుక ఎవరో ఒకరు ఉంటారు.

ఇప్పుడు ఆ ‘ఎవరో’ స్థానంలోకి గణనయంత్రం వచ్చింది. పత్రికలు ఈ కొత్త వ్యవస్థను స్మార్ట్ సిగ్నల్ అనీ, ఏఐ సిగ్నల్ అనీ రాస్తున్నాయి. ‘స్మార్ట్’ అన్నది మెచ్చుకోలు మాటే గాని యంత్రం ఏం చేస్తుందో చెప్పే మాట కాదు. సాంకేతికరంగంలో దీనికి ‘అడాప్టివ్’ అన్న విశేషణం స్థిరపడింది. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అడాప్టేషన్‌కు ‘అనుకూలనం’ అన్న తెలుగు మాట ఎప్పటినుంచో ఉంది. పరిసరాలకు తగినట్లు జీవి తనను తాను మార్చుకోవడం అనుకూలనం. రాకపోకలకు తగినట్లు తన కాలపట్టికను మార్చుకునే సిగ్నల్‌కు ‘అనుకూలన సిగ్నల్’ అన్న పేరు సరిపోతుంది. అయితే జీవి తన పరిసరాల్లో ఇంద్రియాలకు అందినదానికే స్పందించగలదు. సిగ్నల్ కూడా అంతే. దాని ఇంద్రియాలకు ఏది అందుతుంది, అందినదాన్ని అది ఏ తూకంతో తూస్తుంది అన్నవే ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

2. స్థిరకాల సిగ్నల్ – మూడు కొలతలు:

లండన్ పార్లమెంటు భవనం ముందు 1868 డిసెంబరులో రైల్వే ఇంజనీరు జె.పి. నైట్ ఏర్పాటు చేసిన గ్యాసుదీపపు స్తంభాన్ని తొలి రోడ్డు సిగ్నల్‌గా చరిత్రకారులు గుర్తిస్తారు. పార్లమెంటు సభ్యులతో సహా కాలినడకన వచ్చేవారు గుర్రపుబళ్ల మధ్యనుంచి రోడ్డు దాటడానికి దాన్ని నిలబెట్టారు. 1869 జనవరిలో అది పేలి, నడుపుతున్న పోలీసు గాయపడటంతో ఆ ప్రయోగం ముగిసింది. విద్యుత్ సిగ్నల్ 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలిగింది. అప్పటికి కారు వచ్చేసింది; సిగ్నల్ ప్రధానోద్దేశం వాహనాల క్రమబద్ధీకరణగా మారింది. పాదచారి కోసం పుట్టిన సాధనం అర్ధశతాబ్దం తిరగకుండానే వాహనాల సొత్తయిందన్న సంగతి ఈ చర్చలో గుర్తుంచుకోదగినది.

ఏ సిగ్నల్ నడకనైనా మూడు కొలతల్లో చెప్పవచ్చు. అన్ని దారులకూ ఒక్కొక్కసారి ఆకుపచ్చ వచ్చి, తిరిగి మొదటి దారికి రావడానికి పట్టే సమయం చక్రకాలం. ఆ చక్రంలో ఒక్కొక్క దారికి దక్కే భాగం పచ్చవాటా. ఒక కూడలిలో ఆకుపచ్చ వెలిగాక, అదే రోడ్డు మీది తరువాతి కూడలిలో ఎన్ని సెకన్లకు వెలగాలన్నది అంతరం. రెండు కూడళ్ల మధ్య దూరం 400 మీటర్లు, వాహనవేగం గంటకు 36 కిలోమీటర్లు అనుకుంటే, మొదటిచోట బయలుదేరిన గుంపు 40 సెకన్లలో రెండోచోటికి చేరుతుంది. అంతరం 40 సెకన్లుంటే ఆ గుంపు ఆగకుండా సాగిపోతుంది. 20 సెకన్లుంటే గుంపులో వెనుకనున్నవారిలో కొందరు అక్కడ చిక్కుకుంటారు.

చక్రకాలం ఎంత ఉండాలన్న ప్రశ్నకు 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలకు చెందిన ఎఫ్.వి. వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రం నేటికీ తరగతిగదుల్లో బోధనాంశం. ప్రతి చక్రంలోనూ దారులు మారేటప్పుడు కొన్ని సెకన్లు ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. ఆ వృథాకాలాన్ని ఒకటిన్నరతో హెచ్చించి అయిదు కలపాలి. కూడలి సామర్థ్యంలో ఎంత వంతు వాడకంలో ఉందో చూసి, ఆ భిన్నాన్ని ఒకటిలోనుంచి తీసివేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వాహనాల సగటు నిరీక్షణ కనిష్ఠమయ్యే చక్రకాలం వస్తుంది. నాలుగు దారుల కూడలిలో వృథాకాలం 16 సెకన్లనుకుందాం. భారం 0.7 ఉంటే చక్రకాలం సుమారు 97 సెకన్లు. భారం 0.8కి పెరిగితే 145 సెకన్లు. 0.9 అయితే 290 సెకన్లు, అంటే దాదాపు అయిదు నిమిషాలు. కూడలి నిండుకు దగ్గరయ్యేకొద్దీ సూత్రం చేతులెత్తేస్తుంది. అనుకూలన సిగ్నల్ ఈ గణితాన్ని రద్దు చేయదు. భారం ఎప్పటికప్పుడు ఎంతుందో తెలుసుకుని అందుకు తగినట్లు నడుచుకుంటుంది. నిండిపోయిన రోడ్డుకు అది కొత్త వెడల్పు తేలేదు.

స్థిరకాల పట్టికకు మరొక ఇబ్బంది వార్ధక్యం. సర్వే చేసి, గణించి, ఉదయానికొకటి, సాయంత్రానికొకటి పట్టికలు తయారుచేస్తారు. ఆ తరువాత ఒక బడి వస్తుంది, ఒక వాణిజ్యసముదాయం వెలుస్తుంది, ఒక వంతెన కడతారు. రోడ్డు మారుతుంది, పట్టిక మారదు. ఇలా పట్టికల ప్రయోజనం ఏటా సుమారు 3 శాతం చొప్పున తరిగిపోతుందని 1980లలో బ్రిటిష్ పరిశోధకులు అంచనా కట్టారు. అనుకూలన వ్యవస్థలకున్న బలమైన సమర్థన ఇదే. వాటి గొప్పతనం తెలివిలో కన్నా, మనుషులు చేయకుండా వదిలేసే నిర్వహణను అవి నిత్యం చేస్తుండటంలో ఉంది.

3. చూసే చోటు – గ్లాస్గో, సిడ్నీ పద్ధతులు:

1970లలో ఒకదానికొకటి దూరంగా రెండు దేశాల్లో రెండు వ్యవస్థలు రూపొందాయి. బ్రిటన్ రవాణా పరిశోధనశాల తయారుచేసిన స్కూట్‌ను గ్లాస్గో వీధుల్లో పరీక్షించారు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రహదారుల శాఖ సిడ్నీ కోసం స్కాట్స్‌ను తయారుచేసింది. రెండూ రోడ్డులో పాతిన తీగచుట్టలతో వాహనాలను గుర్తించేవే. తీగచుట్ట మీదికి లోహపు దేహం రాగానే విద్యుత్ లక్షణం మారుతుంది. ఆ మార్పే వాహనం ఉనికి. అయితే చుట్టను ఎక్కడ పాతారన్నదాన్ని బట్టి రెండింటి స్వభావాలూ వేరయ్యాయి.

స్కూట్‌లో చుట్ట ఆగురేఖకు చాలా దూరంగా, సాధారణంగా వెనుకటి కూడలి దాటగానే ఉంటుంది. వాహనం ఇంకా దారిలో ఉండగానే యంత్రానికి కబురు అందుతుంది. ఎప్పుడు ఎంత గుంపు ఆగురేఖను చేరుతుందో, వరుస ఎంత పొడవవుతుందో అది ముందుగా ఊహించుకుంటుంది. ప్రతి మార్పుకు కొద్ది సెకన్ల ముందు, ఆకుపచ్చను నాలుగు సెకన్ల వరకు ముందుకు జరపాలా, వెనక్కి జరపాలా, ఉన్నట్లే ఉంచాలా అని తేల్చుకుంటుంది. అంతరాన్ని చక్రానికొకసారి, చక్రకాలాన్ని కొన్ని నిమిషాలకొకసారి సవరిస్తుంది. సవరణలన్నీ చిన్నవే. ఒక్కసారిగా పెద్ద మార్పు చేస్తే మార్పు సమయంలోనే గందరగోళం ఏర్పడుతుందన్న జాగ్రత్త అందులో ఉంది. బాగా తయారుచేసిన తాజా స్థిరకాల పట్టికతో పోల్చినా సగటు నిరీక్షణ సుమారు 12 శాతం తగ్గిందని దాని రూపకర్తలు నివేదించారు.

స్కాట్స్‌లో చుట్ట ఆగురేఖ దగ్గరే ఉంటుంది. అది రాబోయేదాన్ని ఊహించదు. ఇచ్చిన ఆకుపచ్చలో ఎంత భాగం నిజంగా వాడుకున్నారో, వాహనాల మధ్య ఎంత ఖాళీ వృథాగా పోయిందో లెక్కిస్తుంది. గత చక్రపు అనుభవమే తరువాతి చక్రానికి ఆధారం. కూడళ్లను చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందంలో ఒక కీలకమైన కూడలి చెప్పినట్లు మిగిలినవి నడుచుకునే ఏర్పాటు ఉంది. పక్కపక్క బృందాల అవసరాలు కలిసినప్పుడు అవి ఒక్కటై, భిన్నమైనప్పుడు విడిపోతాయి. ఆ ఇంజనీర్లు ఈ కలయికనూ విడిపోవడాన్నీ పెళ్లి, విడాకులు అనే మాటలతోనే వ్యవహరిస్తారు. సాంకేతిక పరిభాష ఎప్పుడూ పొడిగానే ఉండాలన్న నియమమేమీ లేదు.

ఈ శతాబ్దంలో వచ్చిన ముఖ్యమైన మార్పు వికేంద్రీకరణ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో పిట్స్‌బర్గ్‌లోని ఈస్ట్ లిబర్టీ ప్రాంతంలో తొమ్మిది కూడళ్లలో సర్ట్రాక్ అనే వ్యవస్థను ప్రవేశపెట్టారు. అందులో ప్రతి కూడలీ తన కాలపట్టికను తానే వేసుకుని, తననుంచి ఎన్ని వాహనాలు ఎప్పుడు బయలుదేరబోతున్నాయో పొరుగు కూడళ్లకు తెలియజేస్తుంది. ప్రయాణకాలం పాతికశాతం, నిరీక్షణ 40 శాతం మేర తగ్గాయన్నది వారి ఫలితం. తొమ్మిది కూడళ్ల ఫలితాన్ని ఒక మహానగరానికి యథాతథంగా అన్వయించే అలవాటు ప్రచారవ్యాసాల్లో కనిపిస్తుంది. అది సరికాదు.

4. మిశ్రమ రాకపోకలు – తూకపురాయి:

పైన చెప్పిన చుట్టలన్నీ ఒక దృశ్యాన్ని ముందే ఊహించుకున్నవి: వరుసకొక వాహనం, ఒకదాని వెనుక ఒకటి, వరుస దాటకుండా. హైదరాబాదులో గాని విజయవాడలో గాని ఎర్ర దీపం దగ్గర కనిపించే దృశ్యం వేరు. బస్సుకూ విభాజకానికీ నడుమనున్న సందులోంచి ద్విచక్రవాహనాలు ముందుకు జారి, ఆగురేఖను దాటి, జీబ్రాచారల మీద అర్ధచంద్రాకారంలో నిలబడతాయి. ఆటో రెండు వరుసలకు మధ్యన ఆగుతుంది. ఆకుపచ్చ రాకముందే ముందువరస కదులుతుంది. ఆకుపచ్చ వచ్చిన తొలి కొద్ది సెకన్లలోనే ద్విచక్రవాహనాల గుంపు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ తరువాత కార్లు, బస్సులు వాటి నడకన అవి సాగుతాయి. ఆగురేఖ దగ్గర పాతిన చుట్టకు, దాన్ని దాటి ముందు నిలిచిన బళ్లు ఆగివున్న బళ్లుగా కనబడవు. పైగా కేబుళ్ల కోసం, మంచినీటి గొట్టాల కోసం రోడ్డు తవ్విన ప్రతిసారీ చుట్ట తెగిపోయే ప్రమాదం ఉంది. అందుకే భారతీయ నగరాల్లో కొత్తగా వచ్చే వ్యవస్థలు కెమెరాల మీద ఎక్కువగా ఆధారపడుతున్నాయి.

దేశీయంగా ఈ సమస్య మీద చెప్పుకోదగిన కృషి సి-డాక్ తిరువనంతపురం కేంద్రానిది. వరుస పాటించని రాకపోకలను దృష్టిలో ఉంచుకుని వారు కాసికాస్ట్ అనే నియంత్రణపద్ధతిని రూపొందించారు. బెంగళూరులో ఇటీవల నూటయాభైకి పైగా కూడళ్లలో చేపట్టిన అనుకూలన వ్యవస్థకు అదే ఆధారం. హైదరాబాదులో గత దశాబ్దపు తొలినాళ్లలో మహానగరపాలక సంస్థ, భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ సహకారంతో రెండు వందలకు పైగా కూడళ్లను ఏకీకృత నిర్వహణ పథకం కిందికి తెచ్చింది. 2023లో గూగుల్ సంస్థ ప్రకటించిన గ్రీన్ లైట్ పథకపు నగరాల్లో కూడా హైదరాబాదు ఉంది. ఈ చివరిది నిజానికి అనుకూలన వ్యవస్థ కాదు. పటాల సేవ ద్వారా అందే ప్రయాణధోరణులను విశ్లేషించి, ఫలానా కూడలిలో ఫలానా సమయాన్ని ఇలా మార్చవచ్చునని ఇంజనీర్లకు సూచిస్తుంది. మార్చడం, మార్చకపోవడం వారి ఇష్టం. ఆ పథకం తన ఫలితాలను చెప్పుకునేది వాహనాలు ఆగిన సార్లలో, వాహనాల ఉద్గారాల్లో.

చుట్ట అయినా కెమెరా అయినా పట్టుకున్న వాహనాలను ఒకే కొలమానంలోకి మార్చాలి. బస్సునూ సైకిలునూ కలిపి కూడటానికి ఒక తూకపురాయి కావాలి. ఆ రాయి ప్యాసింజర్ కార్ యూనిట్. అంటే ఒక కారుకు ఒకటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణరోడ్ల కోసం వెలువరించిన మార్గదర్శకాల్లో ద్విచక్రవాహనానికి 0.5, ఆటోకు 1.2, బస్సుకూ లారీకీ 2.2, సైకిలుకు 0.4 విలువలు ఇచ్చారు. ఆ రకం వాహనాల వంతు రోడ్డు మీద పదిశాతానికి చేరితే ఇవి పెరుగుతాయి: ద్విచక్రవాహనానికి 0.75, ఆటోకు 2, బస్సుకు 3.7. చేతిబండికి రెండు నుంచి మూడు. అంటే చేతిబండి తోసుకుపోయే కూలీ, కారులో పోయేవాడికన్నా రెండు మూడు రెట్లు ‘బరువు’. ఈ పట్టికలో మనిషికి విలువ లేదు, ఎందుకంటే అది మనుషుల పట్టిక కాదు.

ఈ కొలమానాన్ని తప్పుపట్టడం తేలిక. అది న్యాయం కాదు. ఒక వాహనం రోడ్డు మీద ఎంత చోటును ఎంతసేపు ఆక్రమిస్తుందన్నదే దాని ప్రశ్న. రోడ్డు ఎంత వెడల్పు వేయాలి, వంతెన మీద ఎంత ఒత్తిడి ఉంటుంది అన్న నిర్ణయాలకు ఆ ప్రశ్న సరైనదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆక్రమించే చోటును కొలవడానికి పుట్టిన రాయిని, కాలాన్ని పంచడానికి తక్కెడలో వేసినప్పుడు. ఎక్కువ చోటు ఆక్రమించినవారికి ఎక్కువ కాలం దక్కుతుంది. అనుకూలన సిగ్నల్ ఈ పంపకాన్ని రోజుకు వేలసార్లు, తప్పు లేకుండా, అలుపు లేకుండా చేస్తుంది.

5. బస్సు ప్రయాణికులు:

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక కూడలిలో ప్రధానరోడ్డు మీద 30 కార్లు, అడ్డరోడ్డు మీద నాలుగు సిటీబస్సులు ఆగివున్నాయనుకుందాం. పై పట్టిక ప్రకారం కార్ల భారం 30. బస్సుల భారం తక్కువలో తక్కువ సుమారు 9, ఎక్కువలో ఎక్కువ 15. కాబట్టి ప్రధానరోడ్డుకు రెండు మూడు రెట్ల పచ్చవాటా దక్కుతుంది. ఇప్పుడు కారుకు ఇద్దరు చొప్పున, బస్సుకు యాభైమంది చొప్పున లెక్కపెడితే అటు 60 మంది, ఇటు 200 మంది. యంత్రం పొరపాటేమీ చేయలేదు. అడిగిన ప్రశ్నకు సరైన సమాధానమే ఇచ్చింది.

ప్రశ్నను మార్చిన నగరాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరవాసులు 1973లో భూగర్భరైలు ప్రతిపాదనను ఓటింగులో తిరస్కరించారు. 1977లో మళ్లీ ఓటువేసి, ఉన్న ట్రాములనూ బస్సులనూ వేగవంతం చేయడానికి 20 కోట్ల ఫ్రాంకులు మంజూరుచేశారు. ఆ సొమ్ములో కొంత సిగ్నళ్ల మీద ఖర్చయింది. ట్రాము దగ్గరపడుతున్నట్లు రోడ్డులోని గ్రాహకం చెప్పగానే కూడలి దానికి దారి సిద్ధంచేసేలా వ్యవస్థను అమర్చారు. సాంకేతికంగా ఇది గ్లాస్గో, సిడ్నీ పద్ధతులకన్నా విడ్డూరమైనదేమీ కాదు. స్కూట్‌లో కూడా బస్సులకు ప్రాధాన్యమిచ్చే వీలు తరువాతి రూపాల్లో వచ్చింది. లండన్ దాన్ని విస్తృతంగా వాడుకుంటోంది. జూరిక్ విశేషమంతా ప్రాధాన్యం ఎవరికన్నది ముందు ఓటర్లు తేల్చడం, ఇంజనీర్లు తరువాత దాన్ని అమలుచేయడం. మన నగరాల్లో ఈ క్రమం తిరగబడుతోంది. యంత్రాన్ని ముందు కొంటున్నారు. ప్రాధాన్యం ఎవరికన్న చర్చ శాసనసభలోనూ జరగదు, నగరపాలక సంస్థ సమావేశంలోనూ జరగదు. అది కొనుగోలు పత్రపు సాంకేతిక అనుబంధంలో, ‘సగటు వాహననిరీక్షణ’ అన్న ఒక్క మాటలో తేలిపోతుంది.

సగటు అన్న మాటలో ఇంకొక మడత ఉంది. ప్రధానరోడ్డు మీద వేలమందికి పది సెకన్లు తగ్గించి, అడ్డవీధిలో కొద్దిమందికి రెండు నిమిషాలు పెంచినా సగటు మెరుగుపడుతుంది. నగరకేంద్రం స్తంభించకుండా ఉండటానికి శివారు కూడళ్లలోనే వాహనాలను ఆపివుంచే పద్ధతి కూడా ఈ వ్యవస్థల్లో ఉంది. కేంద్రం సాఫీగా సాగుతుంది, వరుస శివారులో పెరుగుతుంది. అందులో తప్పనిసరి అవసరం ఉండవచ్చు. కాని శివారులో ఆగినవారికి తమను ఎవరి కోసం ఆపారో తెలియదు.

6. పాదచారులు:

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అయిదుగురిలో దాదాపు ఒకరు. ఈ మరణాలన్నీ కూడళ్లలో సంభవించినవి కావు, సిగ్నళ్ల వల్ల సంభవించినవీ కావు. అయినా కూడలిలో కాలాన్ని పంచే వ్యవస్థను మార్చేటప్పుడు ఈ అంకెను పక్కనపెట్టడం కుదరదు.

తీగచుట్ట లోహాన్నే పసిగడుతుంది కాబట్టి తొలి వ్యవస్థలకు పాదచారి కనిపించే అవకాశం లేదు. విదేశాల్లో ఆ లోటును మీటతో పూడ్చారు. నడిచేవారు స్తంభానికున్న మీట నొక్కితే యంత్రానికి ఒక కోరిక అందుతుంది. అయితే ఒక్కరు నొక్కినా యాభైమంది నిలబడినా ఆ కోరిక ఒక్కటే. మన కూడళ్లలో చాలాచోట్ల ఆ మీట కూడా లేదు. వెబ్‌స్టర్ సూత్రం చూపినట్లు, భారం పెరిగేకొద్దీ చక్రకాలం సాగుతుంది. వాహనాలకు అది లాభమే, ఎందుకంటే దారులు మారేటప్పటి వృథా తగ్గుతుంది. రోడ్డంచున నిలబడినవారికి మాత్రం ఎదురుచూపు రెండు మూడు నిమిషాలవుతుంది. నిరీక్షణ 30 సెకన్లు దాటితే పాదచారులు సిగ్నల్‌ను లెక్కచేయక దాటే అవకాశం పెరుగుతుందని అమెరికాలో రహదారుల సామర్థ్యంపై వెలువడిన ప్రామాణిక గ్రంథం హెచ్చరిస్తుంది. ‘జనానికి క్రమశిక్షణ లేదు’ అన్న వ్యాఖ్య కూడళ్ల దగ్గర తరచు వినిపిస్తుంది. ఆ వ్యాఖ్య చేసేముందు ఆ జనానికి కేటాయించిన సెకన్లెన్నో లెక్కపెట్టడం మంచిది. సిగ్నల్ కూడలిని మూసి యూటర్నులు పెట్టిన చోట్ల ఆ లెక్క సున్నాకు చేరింది. అక్కడ వాహనాలు ఎప్పుడూ ఆగవు కాబట్టి, నడిచేవారికి దాటే సమయమంటూ ఉండదు.

లండన్ రవాణాసంస్థ 2014లో బాలమ్, టూటింగ్ బెక్ భూగర్భరైల్వే స్టేషన్ల బయట ఒక ప్రయోగం చేసింది. వీడియో కెమెరాలు రోడ్డు దాటడానికి వేచివున్నవారి సంఖ్యను అంచనా వేస్తాయి; గుంపు పెద్దదైతే నడకకు ఆకుపచ్చ వ్యవధి పెరుగుతుంది. ఇది స్కూట్‌లోనే చేర్చిన ఒక భాగం. తరువాత 2021లో ఆ సంస్థ 18 చోట్ల ఇంకా సాహసించింది. అక్కడ నడిచేవారికి ఆకుపచ్చ సహజస్థితి. వాహనం వస్తున్నట్లు గుర్తించినప్పుడే అది ఎర్రగా మారుతుంది. అడగవలసిన బాధ్యత పాదచారినుంచి వాహనానికి మారింది. వాహనాల నడక మీద దాని ప్రభావం స్వల్పమేనని సంస్థ తెలిపింది. ఎంచుకున్న చోట్లు వాహనాలు పలుచగా ఉండేవన్నది నిజమే. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రంపూట ఇది యథాతథంగా నడవదు. కాని బాలమ్ పద్ధతికి ఆ అభ్యంతరం వర్తించదు. మెట్రో స్టేషను మెట్లు దిగిన జనం రోడ్డంచున గుంపుగా నిలిచే దృశ్యం లండన్‌లోకన్నా హైదరాబాదులో చిన్నదేమీ కాదు. కూడలికి ఎటూ కెమెరా బిగిస్తున్నప్పుడు దాని చూపును కాలిబాట మీదికి కూడా తిప్పడం కష్టమైన పని కాదు.

7. సెకన్ల అంకెలు:

మన కూడళ్లలో ఎర్ర దీపం పక్కన అంకెలు వెనక్కి నడవడం ఒక అలవాటైన దృశ్యం. 90 అని కనిపిస్తే కొందరు ఇంజను ఆపుతారు. మూడు రాగానే వెనుకనుంచి హారన్లు మొదలవుతాయి. స్థిరకాల సిగ్నల్‌కు ఈ అంకెలు సులభం, ఎందుకంటే ఎన్ని సెకన్లో ముందే నిర్ణయమై ఉంటుంది. అనుకూలన సిగ్నల్ చివరి క్షణం దాకా నిర్ణయాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది. అంకెలు చూపితే వ్యవధి మార్చుకునే వీలు పోతుంది. వ్యవధి మార్చుకుంటే అంకెలు 20 నుంచి 12కు దూకుతాయి, లేదా ఒకచోట నిలిచిపోతాయి. అందువల్ల అనుకూలన పద్ధతిలో నడిచే కూడళ్లలో అంకెలను తీసివేయక తప్పదు. తీసివేసిన నాడు ప్రయాణికులకు తోచేది సిగ్నల్ చెడిపోయిందనే. రద్దీ పెరిగితే కానిస్టేబులు నియంత్రణపెట్టె తెరిచి చేత్తో నడపడం మొదలుపెడతాడు. ఆ ఒక్క కూడలిలో ఆయన చూపు యంత్రంకన్నా మెరుగై ఉండవచ్చు. పక్క కూడళ్లతో కుదుర్చుకున్న అంతరాలు మాత్రం ఆ క్షణంనుంచి పనికిరావు.

ఒక్కచోట మాత్రం అంకెలను నిలుపుకోవచ్చు. రోడ్డు దాటడం మొదలుపెట్టిన మనిషి అవతలి అంచు చేరడానికి కావలసిన వ్యవధి రోడ్డు వెడల్పును బట్టి, నడకవేగాన్ని బట్టి ఉంటుంది; వాహనాల భారాన్ని బట్టి కాదు. ఇంజనీర్లు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకవేగాన్ని లెక్కకు తీసుకుంటారు. దాని ప్రకారం 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు కావాలి. వృద్ధులు, పిల్లల చేయి పట్టుకున్న తల్లులు సెకనుకు 0.8 మీటర్లు నడుస్తారనుకుంటే 30 సెకన్లు. ఆ వ్యవధిని ఏ అనుకూలన పద్ధతీ కుదించడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ చూపే అంకె మధ్యలో మారదు. ఆ అంకె 20 నుంచి మొదలవ్వాలా, 30 నుంచి మొదలవ్వాలా అన్నది మాత్రం యంత్రం తేల్చేది కాదు; కూడలిని అప్పగించేముందే నగరపాలక సంస్థ రాసి ఇవ్వవలసినది.